కుంటని కాలు

సూర్యాపేట
2-12-2012

ఒరేయ్ చిరంజీవీ,

నీ పేరులోనే దీవెన ఉంది కాబట్టి ఈ ఉత్తరంలో వేరే దీవెన రాయడం లేదు. ఫోన్లో తిడితే సిగ్నల్ లేదని కట్ చేస్తావు. ఉత్తరాన్ని కట్ చేయలేవు. చించితే చించు, ఇంకొకటి రాస్తాను. నువ్వూ ఉత్తరంలోనే జవాబు రాయాలి. నోటితో అయితే నువ్వు ఎన్నయినా చెబుతావు.

నిన్న బస్టాండులో మన ఊరి సైదులు కనిపించాడు, కోదాడ బస్సుకు కండక్టరు కదా. "మీ మేనల్లుడు పెద్దోడైండు నాంచారమ్మా. కోదాడల లాప్‌టాప్ సంచి ఏసుకొని తిరుగుతున్నడు, మెడల టై గూడ ఉంది" అన్నాడు. నేనేమో నువ్వు మిర్యాలగూడ నర్సింగ్ స్కూల్లో రెండో ఏడు చదువుతున్నావని ఇక్కడ అందరికీ చెప్పుకుంటున్నాను. ఫోన్ చేసి ప్రిన్సిపాల్ మేడమ్‌ను అడిగితే, దసరా సెలవులకు పోయినవాడు మళ్ళీ రాలేదంది. ఆమె ముందు నా తల తీసుకుపోయి ఎక్కడ పెట్టుకోవాలి?

మగవాడు నర్సు అయితే నవ్వుతారని నీ బాధ అనుకుంటాను. నవ్వేవాళ్ళను నవ్వనీ. మొన్న మా వార్డులో ఒక లారీ డ్రైవరును పక్కకు తిప్పడానికి ముగ్గురం ఆడవాళ్ళం కావలసి వచ్చింది. ఒక్క మగ నర్సు ఉంటే మా నడుములు మిగిలేవి. ఆ చదువు చదివినవాడికి పని దొరకని ఊరు లేదు. మెడలో టై కట్టినవాడికి పని దొరికిన ఊరు నేను చూడలేదు.

మీ అమ్మ పోయినప్పటి నుంచి మా అన్నను నీకే అప్పగించాను. నేనిక్కడ డ్యూటీలో, ఆయన మంద వెంట పొలాల్లో. ఆయనకు షుగర్ ఉందని, పూటపూటకు గోళీ వేసుకోవాలని నీకు గుర్తుందా? లేక అది కూడా దసరా సెలవులకు పోయిందా?

బడికి ఎప్పుడు పోతున్నావో రాయి. వేరే కబుర్లు వద్దు.

నీ అత్త
నాంచారమ్మ


కోదాడ
14-12-2012

అత్తమ్మకు నమస్కారాలు.

నీ ఉత్తరం మా ఆఫీసుకే వచ్చింది. మా సార్ గారి ముందే విప్పి చదివాను, అది నా తప్పు.

నేను నర్సింగ్ వదిలేయలేదు, దాన్ని దాటి వచ్చాను. ఏడాదికి పైగా అక్కడ నేర్చుకున్నది దుప్పటి మూలలు మడవడం, బెడ్‌పాన్ ఎత్తడం. నువ్వు ఎన్నో ఏళ్ళుగా అదే చేస్తున్నావు కాబట్టి నీకు అది గొప్పగానే ఉండొచ్చు. నేనిప్పుడు హెల్త్ అడ్వైజర్‌ను. మా దగ్గరికి వచ్చేవాళ్ళు నన్ను "డాక్టర్ గారండీ" అని పిలుస్తారు. వద్దన్నా వినరు.

మా పని నీకు అర్థమయ్యేట్టు రాస్తాను. లాప్‌టాప్‌కు ఒక చిన్న డబ్బా తగిలిస్తాం. డబ్బాకు ఇత్తడి కడ్డీ ఉంటుంది. మనిషి దాన్ని కాసేపు గుప్పిట్లో పట్టుకుంటే చాలు. సూది లేదు, రక్తం లేదు. గుండె, కిడ్నీ, నరాలు, ఎముకలు అన్నీ తెర మీదికి వస్తాయి. ఏం తినాలి, ఏం మానాలి అని పుస్తకమంత రిపోర్టు అచ్చవుతుంది. కరెంటు లేని ఊళ్ళో కూడా బ్యాటరీ మీద గంటన్నర నడుస్తుంది. దవాఖానను సంచిలో వేసుకొని తిరగడమే అనుకో.

నాయిన మందను హుజూర్‌నగర్ దగ్గర కోసిన పొలాల్లో పెట్టాడు. పిలిపించి నా మొదటి పరీక్ష ఆయనకే చేశాను. అన్నీ బాగున్నాయి. తిండి కూడా రాసిచ్చాను. రిపోర్టు నకలు దీంతో పంపుతున్నాను, చదువు. నువ్వూ ఒకసారి వచ్చి కడ్డీ పట్టుకో, రాత్రి డ్యూటీలకు నీ ఒంట్లో ఏమేం పాడయ్యాయో తెలుస్తుంది.

మీ మేనల్లుడు
పి. చిరంజీవి, హెల్త్ అడ్వైజర్


సూర్యాపేట
23-12-2012

హెల్త్ అడ్వైజర్ గారికి,

నీ రిపోర్టు అందింది. మీ గౌరయ్య మామ చాయ్ తాగుతూ పైకి చదివాడు. చదివి చదివి చాయ్ ముక్కులోకి పోయి దగ్గాడు. మా ఇంట్లో ఇంతగా నవ్వి చాలా రోజులైంది, అందుకు నీకు రుణపడి ఉంటాం.

"ప్రతిరోజూ అరగంట నడవండి" అట. మా అన్న నిడమనూరు నుంచి హుజూర్‌నగర్ దాకా గొర్రెల వెనక నడిచి వచ్చాడురా. ఆయన కూర్చుంటే వింత. "ఆలివ్ నూనె వాడండి" అట. హుజూర్‌నగర్ అంగట్లో ఏ కోమటి దగ్గర దొరుకుతుందో కూడా నీ డబ్బానే చెప్పాలి. "మాంసం తగ్గించండి" అట. గొర్రెలు కాసేవాడు రోజూ మాంసం తింటాడనుకుందా నీ మిషన్? కాపరి తినేది పచ్చిపులుసు. ఇవన్నీ ఒక ఎత్తు, చివరి పేజీలో "కంప్యూటర్ ముందు కూర్చునే సమయం తగ్గించండి" అని ఉంది. అది చదివేసరికి మామకు దగ్గు వచ్చింది.

తిండి సంగతి నేను చెబుతాను, విను. మనిషి తినేదాన్లోంచే మార్చాలి, తినని దాన్ని తెచ్చి పెట్టకూడదు. అన్నం ఒక గరిటె తగ్గించి పప్పో ఆకుకూరో ఒక గరిటె పెంచమను. పొద్దున జొన్నరొట్టె మంచిది. గోళీ వేసుకొని కడుపు మాడ్చుకోవద్దను, కళ్ళు తిరిగి పడతాడు. పొలంలో ఎరువుకు మంద పెట్టించుకున్న ప్రతి రైతూ చాయ్ పోస్తాడు, వద్దంటే మర్యాద కాదని మా అన్న అన్నీ తాగుతాడు. తాగనీ, చక్కెర వేయొద్దని అడగమను. చెప్పులు లేకుండా తుమ్మ చెట్ల కింద తిరగొద్దను. పొద్దుగూకినంక కాళ్ళు కడుక్కొని చూసుకోవాలి. అరికాలు ఆయనకు కనిపించదు, నువ్వు పోయినప్పుడు చూడు.

లాప్‌టాప్ మీద నాకు కోపం లేదు. మా దవాఖానలోకీ కంప్యూటర్లు వచ్చాయి, నేనూ ఒంటి వేలితో కొడుతున్నాను. దాన్ని ఒళ్ళో కాదు, బల్ల మీద పెట్టుకో, మెడ నిలుస్తుంది. దాంట్లో నీ పాఠాలు పెట్టుకొని చదివితే దానికీ గౌరవం. ఇప్పుడైతే కోతికి కొబ్బరికాయ దొరికినట్టుంది.

ఒక్క చుక్క రక్తం చూడకుండా షుగర్ చెప్పే మిషన్ ఉంటే మా ల్యాబులో ఎందుకు లేదో ఆలోచించావా? ముందుగా పేరు, వయసు, బరువు కొడతావు కదా. ఒకసారి మీ నాయినవి కొట్టి నీ చేయి పెట్టి చూడు. ఏం వచ్చిందో రాయి. గోళీలు వేసుకుంటున్నాడో లేదో అది కూడా రాయి.

నవ్వి నవ్వి అలసిన
నాంచారమ్మ


కోదాడ
10-1-2013

అత్తమ్మా,

మామ నవ్వినందుకు సంతోషం. నేను ఏ పని చేసినా మన ఇంట్లో నవ్వేవాళ్ళకు కొదవ లేదు. నర్సింగ్‌లో చేరితే చిన్నాయన వాళ్ళు నవ్వారు, మానేస్తే మీరు నవ్వుతున్నారు. నాయిన ఒక్కడే నవ్వలేదు.

నువ్వు చెప్పిన పరీక్ష చేయను. మిషన్‌ను అనుమానించేవాడు ఈ పనికి పనికిరాడని మా సార్ గారు మొదటి రోజే చెప్పారు. ఇన్నేళ్ళ సర్వీసు ఉన్న నీకు నిన్న మొన్న వచ్చిన పిల్లవాడు డాక్టర్ అనిపించుకోవడం కష్టంగా ఉంటుంది, నేను అర్థం చేసుకోగలను.

చాయ్ చక్కెర సంగతి నాయినకు చెప్పాను, తల ఊపాడు. కాళ్ళు చూడమన్నావు, చూశాను. ఎడమ అరికాల్లో తుమ్మముల్లు దిగిందట. ఆయనే కత్తి మొనతో కోసి, వేపనూనె పోసి, గుడ్డ కట్టుకున్నాడు. గొర్రె గిట్టకు చేసినట్టే చేసుకున్నాడు. గోళీల సంగతి నేను చూసుకుంటున్నాను, నువ్వు పరేషాన్ కావద్దు.

ఇప్పుడు మాకు మెయిన్ రోడ్డు మీద ఇంకో గది కిరాయికి దొరికింది. బోర్డు మీద నా పేరు రాయిస్తారట.

చిరంజీవి


సూర్యాపేట
16-1-2013

చిరంజీవికి,

కార్డు ముక్క రాస్తున్నాను, డ్యూటీకి టైమైంది. గోళీలు నువ్వు చూసుకుంటున్నావని రాశావు, ఆ ఒక్క మాటకు మనసు కుదుటపడింది. నిన్న మా అన్న ఎవరిదో ఫోన్ నుంచి మాట్లాడితే అడిగాను, వేసుకుంటున్న అన్నాడు.

కాలి సంగతి సరిగ్గా రాయలేదు. నొప్పి ఉందా? కుంటుతున్నాడా? పోయి చూసి ఈ రెండింటికే జవాబు రాయి. నీ బోర్డు సంగతి నాకు అక్కర లేదు.

నాంచారమ్మ


కోదాడ
30-1-2013

అత్తమ్మకు,

రెండు ప్రశ్నలకు రెండు జవాబులు. నొప్పి లేదు. కుంటడం లేదు.

ఇప్పుడైనా ఒప్పుకుంటావా? నేను పోయేసరికి నాయిన గుడ్డ కట్టిన కాలితోనే గట్ల మీద నడుస్తున్నాడు, అదే నడక. పుండు ఇంకా మానలేదు, రూపాయి బిళ్ళంత ఉంది, కానీ నొక్కితే కూడా ఆయనకు తెలియడం లేదు. గొర్రె కుంటకపోతే గిట్ట మానినట్టేనని తాత చెప్పేవాడు. నువ్వూ ఆ ఇంటి బిడ్డవే, సూర్యాపేట పోయి అన్నీ మరిచిపోయినట్టున్నావు. మా రిపోర్టులో కూడా "నరాలు: సాధారణం" అనే ఉంది, నకలు తీసి చూసుకో.

ఇంకో సంగతి. దాచడం ఎందుకు, నువ్వు గెలిచానని అనుకుంటున్నావు కాబట్టి చెబుతున్నాను. గోళీలు నేనే ఆపించాను. రిపోర్టులో షుగర్ సాధారణం అని వచ్చిన రోజు నుంచి షుగర్‌కు మా కంపెనీ అమ్మే పొడి ఒకటే వాడుతున్నాడు. ఇన్ని రోజుల్లో ఏమైంది? ఏమీ కాలేదు. ఒళ్ళు చేసి దుబ్బగా కూడా అయ్యాడు, పాదాలు నిండుగా ఉన్నాయి.

నీ దవాఖాన గోళీలు లేకుండా కూడా మనుషులు బతుకుతారు.

చిరంజీవి


సూర్యాపేట
4-2-2013

ఒరే మూర్ఖుడా,

దీన్ని సైదులు చేతికిచ్చి పంపుతున్నాను. పొద్దున నుంచి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు, తిడతానని భయం. నేనే సెలవు పెట్టి హుజూర్‌నగర్ పోయి వచ్చాను. మంద అక్కడ లేదు, వాడపల్లి దిక్కు పోయిందన్నారు. ఏటి ఒడ్డున ఎక్కడ ఉందో నీకే తెలుసు.

కుంటుతున్నాడా అని ఎందుకు అడిగానో అర్థం కాలేదా నీకు? కుంటితే బాగుండునని అడిగానురా. రూపాయి బిళ్ళంత పుండు పెట్టుకొని మనిషి కుంటకుండా నడుస్తున్నాడంటే ఆ కాలికి స్పర్శ పోయినట్టు. షుగర్ నరాలను తినేసింది. ఆ పుండు మీద ఆయన రోజంతా నడుస్తున్నాడు, నొప్పి తెలియదు కాబట్టి ఆగడు. గొర్రెకు షుగర్ రాదు, అందుకే తాత మాట గొర్రెకు సరిపోయింది. రెండో ఏడు పుస్తకంలో ఈ పాఠం ఉంది. నువ్వు దసరాకు మూసిన పుస్తకంలోనే ఉంది.

పాదాలు నిండుగా ఉన్నాయట! వాపు చూసి బలుపు అనుకునేవాణ్ణి సామెతలో విన్నాను, మా ఇంట్లోనే చూస్తాననుకోలేదు. నువ్వు గోళీల సంగతి చూసుకుంటున్నానంటే నేను నమ్మాను. గొర్రె కసాయివాణ్ణి నమ్మినట్టు మా అన్న నిన్ను నమ్మాడు.

ఉత్తరం చదవడం అయిపోగానే లే. నీ కడ్డీ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ చేతిలోనే వదిలెయ్. వాడపల్లి పో, నాయినను బండి ఎక్కించి నేరుగా సూర్యాపేట తీసుకురా. నడిపించకు. ఎత్తుకో. మందను ఎవరు చూస్తారని అడుగుతాడు, ఎవరో చూస్తారు. కాలు నిలుస్తుందో లేదో నాకు తెలియదు. ఆలస్యమైతే మనిషే నిలవడు.

నాంచారమ్మ


కోదాడ
12-3-2013

అత్తమ్మకు,

నాయినను మీ ఇంటికి తీసుకుపోయినట్టు సైదులు చెప్పాడు. వార్డులో ఉన్నన్ని రోజులు నువ్వు నాతో మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది. చివరికి "నీ మొహం నాకు సూపించకు" అన్నావు, అందుకే వచ్చేశాను. ఫోన్ చేయడానికి ధైర్యం లేదు. రాస్తున్నాను, చించకుండా చదువు.

ఆ రోజు సైదులు ఉత్తరం ఇచ్చేసరికి ఒకామె చేతిలో కడ్డీ ఉంది. పరీక్ష మధ్యలోనే ఆపి, అన్నీ సంచిలో కుక్కి భుజాన వేసుకొని పరుగెత్తాను. వాడపల్లి దగ్గర ఏటి ఒడ్డున నాయిన కూర్చొని ఉన్నాడు. గుడ్డ తడిసి ఉంది, దూరం నుంచే వాసన వస్తోంది. నేను విప్పుతుంటే ఆయన అటు తిరిగి గొర్రెను పిలుస్తున్నాడు. ముల్లు ముక్క ఇంకా లోపలే ఉంది. నువ్వు చెప్పినట్టే ఎత్తుకున్నాను. మనిషి బరువు లేడు అత్తమ్మా. రిపోర్టు కోసం నేను అందాజుగా కొట్టిన బరువులో సగం కూడా ఉన్నట్టు అనిపించలేదు.

పాదంలో ముందు సగం తీసేస్తున్నప్పుడు నువ్వు లోపల ఉన్నావు, నేను బయట బెంచీ మీద ఉన్నాను. సంచి నా దగ్గరే ఉంది. లాప్‌టాప్ తీశాను. నాయిన పేరు, వయసు కొట్టి కడ్డీ నేను పట్టుకున్నాను. ఆయన రిపోర్టే వచ్చింది. తర్వాత కడ్డీకి తడి రుమాలు చుట్టి బెంచీ మీద పెట్టాను, చేయి కూడా పెట్టలేదు. దానికీ గుండె బాగుంది. నరాలు సాధారణం. పక్కన ఒక ముసలాయన కూర్చొని ఇదేంది బిడ్డా అని అడిగాడు. మూత మూసి సంచిలో పెట్టేశాను.

మూడో నాడు నువ్వు మందులకు పోయినప్పుడు నాయినకు చెప్పాను. అప్పటికే ఆయన పక్క మంచం వాళ్ళకు నా గురించి చెబుతున్నాడు. మావోడు డాక్టరు లెక్కనే, కోదాడ పోతే కలవండని. అడ్రసు కూడా చెబుతున్నాడు. వినలేకపోయాను. ఆ మిషన్ అబద్ధం నాయినా అన్నాను. నా వల్లే నీ కాలు పోయింది అన్నాను.

"నాకెరుకే లేరా" అన్నాడు. "పొద్దందాక నడిసెటోన్ని నడువుమన్నప్పుడే ఎరుకైంది."

మరి గోళీలు ఎందుకు ఆపినవ్ అని అడిగాను.

"నీ దుకాణంల బోణీ నాదేనాయె. బోణీ చేసినోడే నీ మాట ఇనకపోతే ఇగ నీ కాడికెవడొస్తడు?"

అంతే అన్నాడు. ఆ తర్వాత మంద ఎవరి దగ్గర ఉందని అడిగాడు.

లాప్‌టాప్, డబ్బా, కడ్డీ అన్నీ మా సార్‌కు ఇచ్చేశాను. బోర్డు మీద నా పేరు చెరిపించాను. గది ఈ నెలాఖరుకు ఖాళీ చేస్తాను. మిర్యాలగూడ స్కూల్లో నన్ను మళ్ళీ చేర్చుకుంటారా అని నేను అడగలేను. నువ్వు అడుగుతావా అని అడగడానికి కూడా నాకు నోరు లేదు. అందుకే రాస్తున్నాను.

చిరంజీవి


సూర్యాపేట
20-3-2013

చిరంజీవికి,

నీ ఉత్తరం వంటింట్లో చదివి అక్కడే కూర్చొని ఏడ్చాను. ఇది మామకు చెప్పావంటే నీకూ నాకూ మాటల్లేవు.

నీకోసం తిట్లు ఇంకా చాలా ఉన్నాయి, కానీ ఈసారి మా అన్న వంతు. ఆయన్ని ఎన్ని తిట్టానో! గొర్రెల్లో బతికి గొర్రె బుద్ధే వచ్చిందన్నాను. కొడుకు దుకాణం నడవాలని కాలు పెట్టుబడి పెట్టినవాణ్ణి ఎక్కడా చూడలేదన్నాను. చెల్లెలితో కూడా వేసుకుంటున్ననని అబద్ధమాడతావా అని గిన్నె విసిరికొట్టాను. ఆయన దాన్ని తీసి తిప్పి చూశాడు. సొట్ట పడింది, మంచి గిన్నె అని మాత్రం అన్నాడు. మనిషికి సిగ్గు లేదు.

ప్రిన్సిపాల్ మేడమ్‌తో మాట్లాడాను. జూన్‌లో చేర్చుకుంటారట. రెండో ఏడు మొదటి నుంచి చదవాలి, నీకంటే చిన్నవాళ్ళ పక్కన కూర్చోవాలి. మధ్యలో ఎక్కడికి పోయావని అందరూ అడుగుతారు. సిగ్గుపడు, కానీ కూర్చో. మెడలో టై ఉంటే అది కోదాడలోనే పారేసి పో. మందను నిడమనూరులో మీ చిన్నాయన వాళ్ళకు అప్పగించాం, మా అన్న ఇక దాని వెంట నడవలేడు. ఆ మాట ఆయనకు ఇంకా ఎవరం చెప్పలేదు. నువ్వే చెప్పాలి.

ఇప్పుడు అసలు సంగతి. గోళీలు వేసుకుంటున్నాడు, తిండి నేను చెప్పినట్టే తింటున్నాడు, పుండు ఎర్రగా మంచిగా మానుతోంది. కానీ నువ్వు మళ్ళీ నర్సు చదువుకు పోతున్నావని నిన్న నోరు జారి చెప్పాను. అప్పటి నుంచి నన్ను కట్టు ముట్టనీయడం లేదు. ఇన్నేళ్ళ సర్వీసు నాది, ఎన్ని వేల కట్లు కట్టానో, సొంత అన్న నా చేయి తోసేశాడు.

"పోరడు రానీ. ఈ పనికి గూడ బోణీ నాదే" అంటున్నాడు.

దీన్ని కూడా సైదులు చేతికే ఇస్తున్నాను, రేపు మొదటి బస్సుకు బయలుదేరు. నిన్నటి కట్టే ఇంకా కాలికి ఉంది.

నాంచారమ్మ